ఉమ్మడి తాగునీటి పథకం: ఊరి ట్యాంకు ఇన్‌లెట్ దగ్గర తేల్చుకోవాల్సిన లెక్కలు

ఇరవై ముప్పై ఊళ్లకు ఒకే చోటి నుంచి నీళ్లిచ్చే పథకాన్ని మా వైపు సీపీడబ్ల్యూఎస్ స్కీము అంటారు. రిజర్వాయరు నుంచో కాలువ నుంచో నీళ్లు తెచ్చి, నిల్వ చేసి, వడగట్టి, క్లోరిన్ కలిపి ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా చేర్చే బాధ్యత గ్రామీణ నీటి సరఫరా శాఖది, దాని తరఫున నిర్వహణ కాంట్రాక్టరుది. ట్యాంకు నుంచి కొళాయి దాకా గ్రామ పంచాయతీది. రెండు బాధ్యతలూ కలిసే చోట, ట్యాంకులోకి నీళ్లెక్కే గొట్టం (ఇన్‌లెట్) మీద, ట్యాంకు కింద, ఒక గేట్‌వాల్వు ఉంటుంది. అనంతపురం జిల్లా మెట్ట మండలాల్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలతో కలిసి ఇలాంటి పథకాలను గాడిలో పెట్టే పని చేశాను. గొడవల్లో ఎక్కువ భాగం ఆ వాల్వు దగ్గరే పుడతాయి. అక్కడికి రోజుకు ఎన్ని లీటర్లు రావాలి, ఏ వేళల్లో రావాలి, రాకపోతే ఎవరిని అడగాలి అన్నది కాగితం మీద ఉండి, కొలత కూడా ఉంటే పథకం నిలుస్తుంది. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ జిల్లాలో ఉమ్మడి పథకాలు ఎందుకు వచ్చాయో అందరికీ తెలిసిందే. బోర్లు ఎండిపోతాయి, ఎండని బోర్లలో ఫ్లోరైడు. 1995-96లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు నిధులిచ్చి, ఎల్ అండ్ టీ సంస్థ కట్టిన పథకం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లు చేర్చింది. ఒక ట్రస్టు, ఒక నిర్మాణ సంస్థ, ప్రభుత్వం, పంచాయతీలు కలిసి చేసిన పని అది. తెలంగాణలో మిషన్ భగీరథ కింద కూడా సరిహద్దు ఇదే చోట ఉంటుంది: శుద్ధి చేసిన నీళ్లు ట్యాంకు దాకా మిషన్ తెస్తుంది, ఊళ్లో నల్లాల సంగతి పంచాయతీ చూసుకోవాలి. కాబట్టి కింద రాసినదాంట్లో చాలా భాగం అక్కడికీ వర్తిస్తుంది.

మొదట చేయాల్సింది లైను నడవడం. పథకం మ్యాపు డివిజన్ ఆఫీసులో దొరుకుతుంది కానీ దాన్ని నమ్మి కూర్చోకూడదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, రైతు అభ్యంతరం చెప్పినప్పుడో లైను పక్కకు జరిగి ఉంటుంది, మ్యాపు మాత్రం పాతదే ఉంటుంది. పథకం ఫిట్టరును, ఊరి వాటర్‌మన్‌ను, కమిటీ సభ్యులు ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని మెయిన్ లైను నుంచి బ్రాంచి చీలే చోటు నుంచి ఊరి ట్యాంకు దాకా నడవాలి. మిట్టల మీద గాలి వదిలే ఎయిర్‌వాల్వులు, పల్లాల్లో మురికి వదిలే స్కవర్‌వాల్వులు, దారిలో గేట్‌వాల్వులు ఒక్కొక్కటీ గుర్తించి, ఫోన్లో లొకేషన్ పెట్టుకుని, ఛాంబరు మూత ఉందో లేదో రాసుకోవాలి. ఎక్కువగా కనిపించేది ఎయిర్‌వాల్వు విరిగి ఉండడం. ఎండాకాలంలో గొర్రెలకో చెట్లకో నీళ్లు కావాలని దాని బంతి తీసేస్తారు. అక్కడ నీళ్లు పోవడం సగం నష్టమే. ఎయిర్‌వాల్వు పనిచేయకపోతే మిట్ట మీద గాలి నిలిచిపోయి నీళ్ల దారి ఇరుకవుతుంది, అవతల ఊరికి ధార సన్నబడుతుంది. పంపు బాగానే తిరుగుతుంటుంది, మీటరు కూడా బాగానే చూపిస్తుంది, చివరి ఊరికి మాత్రం నీళ్లు రావు. అప్పుడు అందరూ పంపునే అనుమానిస్తారు. చివరి ఊళ్లో నీళ్లు తగ్గాయంటే పంపుహౌసుకు పోయేముందు ఆ బ్రాంచి మీదున్న ఎయిర్‌వాల్వులన్నీ ఒకసారి చూసి రావడం మేలు.

లైను నడిచాక గ్రామసభ. జల జీవన్ మిషన్ 2019లో వచ్చినప్పటి నుంచి ప్రతి ఊళ్లో నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి: 10 నుంచి 15 మంది సభ్యులు, సగం మంది ఆడవాళ్లు, పంచాయతీ వార్డు సభ్యులు నాలుగో వంతుకు మించకుండా, ఇంకో నాలుగో వంతు బలహీన వర్గాల నుంచి. ఊళ్లో వేసే పనుల ఖర్చులో పది శాతం జనం వాటా, అటవీ, కొండ ప్రాంతాల్లోనూ ఎస్సీ ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్లలోనూ ఐదు శాతం. వాటా డబ్బుగానో సామానుగానో శ్రమగానో ఇవ్వవచ్చు. కాగితం మీద కమిటీ లేని ఊరు దాదాపు లేదు. అసలు చూడాల్సింది ఆ కమిటీలో చివరి వీధి మనిషి ఉన్నారా అన్నది. ట్యాంకుకు దూరంగా, మిట్ట మీద ఉండే ఇళ్లవాళ్లకే నీళ్ల బాధ తెలుస్తుంది. వాళ్లు కమిటీలో ఉంటే సమస్య మొదటి రోజునే బయటికొస్తుంది. వెలుగు గ్రామ సమాఖ్య లీడర్ల ద్వారా అడిగితే ఆ వీధుల నుంచి ముందుకొచ్చే మహిళలు ఉంటారు. సర్పంచి ఇంటి వీధి నుంచే అందరూ ఉంటే ఆ కమిటీ సంతకాలకే పరిమితం.

తర్వాత ఒప్పంద పత్రం. ఇది పెద్ద న్యాయ పత్రం కానక్కర్లేదు, రెండు పేజీలు చాలు. ఒకవైపు శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), రెండోవైపు పంచాయతీ, సాక్షిగా పక్క ఊరి కమిటీ. పక్క ఊరిని సాక్షిగా పెట్టించడం మేం పట్టుబట్టి చేయించిన పని. ఒకే బ్రాంచి మీదున్న ఊళ్లకు ఒకరి వాటా ఒకరికి తెలిసి ఉండాలి, లేకపోతే పై ఊరు ఎంత తీసుకుంటోందో కింది ఊరు ఊహించుకోవడమే తప్ప తెలుసుకునే దారి ఉండదు. పత్రంలో తప్పక ఉండాల్సినవి: ట్యాంకు ఇన్‌లెట్ దగ్గర రోజుకు ఎన్ని లీటర్లు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఇన్‌లెట్ వాల్వు తాళం చెవి ఎవరి దగ్గర, మీటరు రీడింగు ఎవరు ఏ రోజు రాస్తారు, బ్రాంచి లైను పగిలితే ఎన్ని గంటల్లో బాగుచేయాలి, ఆ లోపు ట్యాంకరు ఖర్చు ఎవరిది. చివరి రెండూ రాయడానికి ఎవరూ ఇష్టపడరు. అవి లేని పత్రం మాత్రం మొదటి లీకు రాగానే చెత్తకాగితం అయిపోతుంది.

లీటర్ల లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 55 లీటర్లు కొళాయి దగ్గర అందాలి. 1,400 మంది ఉన్న ఊరికి 77,000 లీటర్లు. ఊళ్లో పైపుల్లో కారిపోయేది ఎంత బాగున్నా పదో వంతు ఉంటుంది, కాబట్టి ఇన్‌లెట్ దగ్గర 85,000 అని రాయించుకోవాలి. ఇక్కడే చాలా పంచాయతీలు నష్టపోతాయి. 77,000కే సంతకం పెట్టి, తర్వాత కొళాయిల దగ్గర 50 కూడా రావట్లేదని ఫిర్యాదు చేస్తే శాఖ మీటరు రీడింగు చూపిస్తుంది, ఆ రీడింగు నిజమే. జనాభా అంకె కూడా చూసుకోవాలి. 2011 జనాభా లెక్క మీద వేసిన డిజైను చాలా చోట్ల ఇంకా నడుస్తోంది. పశువుల నీళ్లు 55లో లేవు. వాటికి తొట్టి, దానికి బోరు వేరుగా చూసుకోవాలి, లేకపోతే వేసవిలో మనుషుల నీళ్లే అటు పోతాయి.

85,000 లీటర్లు 12 గంటల్లో రావాలంటే గంటకు సుమారు 7,000 లీటర్లు, సెకనుకు రెండు లీటర్లకు కాస్త తక్కువ. మీటరు ఉంటే చూసుకోవచ్చు. చాలా ట్యాంకుల దగ్గర మీటరు ఉండదు, ఉన్నా ముల్లు కదలదు. అప్పుడు ట్యాంకునే కొలపాత్రగా వాడాలి. 60,000 లీటర్ల గుండ్రటి ట్యాంకు లోపలి వ్యాసం 5 మీటర్లు అనుకుంటే ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్లు 196 లీటర్లు. ట్యాంకు సగం నిండి ఉన్నప్పుడు ఊళ్లోకి నీళ్లు వదిలే అవుట్‌లెట్ వాల్వు బిగించి, పై మూత నుంచి టేపుకు బరువు కట్టి దించి నీటి మట్టం రాసుకోవాలి. సరిగ్గా అరగంట తర్వాత మళ్లీ కొలవాలి. 18 సెంటీమీటర్లు పెరిగితే వాటా వస్తున్నట్టు. 10 పెరిగితే సగానికి కాస్త ఎక్కువ. ఇద్దరు ముగ్గురు పైకెక్కి చూసేలా ఈ కొలత వేయించాలి, శాఖ మనిషి, కమిటీ మనిషి ఇద్దరూ ఒకే పుస్తకంలో సంతకం పెట్టాలి. ఒక జాగ్రత్త: అవుట్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కొలత తప్పుతుంది. మొదట ఇన్‌లెట్ కూడా మూసి పావుగంట చూస్తే మట్టం తగ్గుతోందా లేదా తెలుస్తుంది. తగ్గితే వాల్వు సీటు అరిగింది, లేదా ట్యాంకు అడుగునే కారుతోంది.

కాలువ కింద చివరి ఆయకట్టు రైతు బాధే ఇక్కడ చివరి ఊరిది. బ్రాంచి మొదట్లో ఉన్న ఊరికి పీడనం ఎక్కువ, వాల్వు పూర్తిగా తెరిస్తే తన వాటాకు రెండు మూడు రెట్లు దిగుతుంది. ట్యాంకు నిండి పొర్లి వీధిలో పారుతుంటుంది, అవతల చివరి ఊళ్లో బిందెలు ఖాళీగా ఉంటాయి. సాధారణంగా చేసేది గేట్‌వాల్వును సగం మూసి వదలడం. అది రెండు విధాల చెడ్డది. గేట్‌వాల్వు పూర్తిగా తెరవడానికీ పూర్తిగా మూయడానికీ చేసింది. కాస్త తెరిచి వదిలితే నీటి వేగానికి గేటు వణికి, సీటు అరిగి, ఏడాదిలో మూసినా మూసుకోదు. పైగా కీ ఉన్నవాళ్లెవరైనా రాత్రిపూట తిప్పుకోవచ్చు.

దీనికి చవకైన మందు ఆరిఫిస్ ప్లేటు. రెండు ఫ్లాంజిల (పైపులను బోల్టులతో కలిపే అంచుల) మధ్య పెట్టే స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ల, నడుమ లెక్క వేసి చేసిన రంధ్రం. పై ఉదాహరణలో సెకనుకు రెండు లీటర్లు దిగాలి, అక్కడ అదనంగా 25 మీటర్ల ఎత్తు నీళ్లకు సమానమైన పీడనం ఉంది అనుకుంటే రంధ్రం 13 నుంచి 14 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ అంకె చూసి ఊరివాళ్లు ఒప్పుకోరు. నాలుగంగుళాల పైపులో వేలు దూరే రంధ్రమా అని గొడవపడతారు. అందుకే ముందు అందరి ఎదుటా ట్యాంకులో అరగంట కొలత వేయాలి, తర్వాత బిళ్ల పెట్టి మళ్లీ కొలవాలి. 18 సెంటీమీటర్లు పెరగడం కళ్లతో చూశాక వాదన తగ్గుతుంది. తక్కువొస్తే రంధ్రాన్ని అర మిల్లీమీటరు పెద్దది చేయించాలి. పైన పీడనం పంపు నడిచే తీరును బట్టి మారుతుంది కాబట్టి రెండు పంపులు నడిచే వేళా ఒకటే నడిచే వేళా విడివిడిగా కొలవడం అవసరం. డబ్బుంటే ప్రవాహాన్ని ఒకే తీరుగా ఉంచే ఫ్లో కంట్రోల్ వాల్వు ఇంకా మంచిది. బిళ్లకు ఉన్న లోపం చెత్త. బ్రాంచిలో ఎక్కడ లీకు బాగుచేసినా ఇసుక, పీవీసీ తురుము, గుడ్డపీలిక వచ్చి రంధ్రంలో ఇరుక్కుంటాయి. బిళ్లకు ముందు జాలీ పెట్టించి, ప్రతి రిపేరు తర్వాత స్కవర్‌వాల్వు తెరిచి మురికి నీళ్లు వదిలాకే ఊరి వాల్వు తెరవాలన్న మాట ఒప్పందంలో రాయించాలి. ఇది రాయని చోట లీకు రిపేరైన మర్నాడు ఊరికి నీళ్లు ఆగిపోతాయి, కారణం దొరకడానికి వారం పడుతుంది.

ఊరి లోపలికి వస్తే జోన్లు. 350 ఇళ్లున్న ఊళ్లో ప్రతి కొళాయికీ నిమిషానికి 5 లీటర్లు రావాలంటే అందరికీ ఒకేసారి వదిలితే నిమిషానికి 1,750 లీటర్లు, సెకనుకు 29. ట్యాంకు అవుట్‌లెట్ 110 మి.మీ. పీవీసీ అయితే అది హాయిగా మోయగలిగింది సెకనుకు పది లీటర్లే. మొత్తం ఒకేసారి వదిలితే ట్యాంకు దగ్గరి వీధుల్లో ధార, చివరి వీధుల్లో చుక్క. ఊరిని మూడు జోన్లు చేసి ఒక్కో జోనుకు విడిగా వాల్వు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి 45 నిమిషాల చొప్పున వదిలితే ఇంటికి 225 లీటర్లు అందుతాయి. నలుగురికి అది సరిపోతుంది. జోన్లు వీధుల లెక్కన విడదీయకూడదు, నేల ఎత్తు లెక్కన విడదీయాలి. మిట్ట ఇళ్లు, పల్లం ఇళ్లు ఒకే జోనులో ఉంటే పల్లం కొళాయిలే అన్నీ లాగేస్తాయి. మిట్ట జోనుకు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే, అంటే తెల్లవారే ముందుగా వదలాలి.

మోటార్ల సంగతి. కొళాయికి అరహెచ్‌పీ మోటారు తగిలించి లాగే ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. పక్కింటికి నీళ్లు రాకపోవడం ఒక్కటే నష్టమైతే పంచాయతీ సర్దిచెప్పవచ్చు. మోటారు లాగినప్పుడు పైపులో పీడనం బయటికన్నా తగ్గిపోతుంది. పైపుకు ఎక్కడ సన్న పగులున్నా, జాయింటు వదులుగా ఉన్నా, చుట్టూ ఉన్నది లోపలికి వస్తుంది. ఇంటి కనెక్షన్లలో సగానికి సగం మురుగు కాలువ గుండానే దాటుతాయి. ఇక లోపలికి వచ్చేది ఏమిటో చెప్పనక్కర్లేదు. విరేచనాలు ఒక వీధిలోనే మొదలయ్యాయంటే ఆ వీధిలో కాలువ దాటే కనెక్షన్లు ముందు చూడండి. సరిచేసే తీరు చాలా తేలిక: కాలువలో పడుకున్న గొట్టాన్ని పైకి తీసి, కాలువ గోడ పైనుంచి జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం తొడుగులో దాటించాలి. ఇంటికి రెండు మీటర్ల జీఐ ముక్క, రెండు బెండ్లు. మోటార్లకు జరిమానా తీర్మానం గ్రామసభలో పెట్టవచ్చు, కానీ మిట్ట జోనుకు సరిపడా నీళ్లివ్వకుండా జరిమానా వేస్తే అది నిలవదు. ముందు జోన్లు సరిచేసి, రెండు వారాలు నడిపి, తర్వాత మోటార్లు తీయించడం మేం పాటించిన క్రమం.

క్లోరిన్ విషయంలో అందరూ పొరపడేది ఒకటుంది: పథకం ప్లాంటులోనే క్లోరిన్ కలుపుతున్నారు కదా, ఊళ్లో మళ్లీ ఎందుకు అని. ముప్పై నలభై కిలోమీటర్లు పైపుల్లో తిరిగి, మధ్య ట్యాంకుల్లో ఆగి వచ్చేసరికి అది అరిగిపోతుంది. ఊరి ట్యాంకు ఇన్‌లెట్ దగ్గర క్లోరోస్కోపుతో (నీళ్లలో క్లోరిన్ చూసే చిన్న పరికరం) చూసి, ఎంత మిగిలిందో బట్టి కలపాలి. 60,000 లీటర్లకు లీటరుకు 2 మి.గ్రా. చొప్పున కలపాలంటే 120 గ్రాముల క్లోరిన్. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ కొత్త బస్తాలో 33 శాతం దాకా ఉంటుంది, వాడకంలో 25 అనుకోవాలి, అంటే 480 గ్రాముల పౌడరు. మూతి తెరిచి తేమలో పడేసిన బస్తాలో పది శాతం కూడా మిగలదు. అప్పుడు ఎంత పోసినా పరీక్షలో రంగు రాదు.

కలిపే తీరులో తప్పు ఎక్కువ. పౌడరు తీసుకెళ్లి ట్యాంకులో గుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత పది లీటర్లకు పెంచి, అరగంట వదిలేయాలి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకు నిండుతున్న సమయంలో ఇన్‌లెట్ పడేచోట పోయాలి. అడుగు సున్నం పారేయాలి. గుమ్మరిస్తే సున్నం ట్యాంకు అడుగున పేరుకుని వాల్వుల్లో చేరుతుంది, మొదటి కొళాయిల్లో ఘాటు వాసన వస్తుంది, జనం ఆ నీళ్లు తాగడం మానేసి ఫిల్టరు క్యాన్లకు పోతారు. పోసిన తర్వాత అరగంట ఆగి వదలాలి. పరీక్ష ట్యాంకు దగ్గర చేసి ఊరుకోకూడదు, చివరి కొళాయి దగ్గర చేయాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ఉండాలి. క్లోరిన్ పరీక్ష మందు ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసిన వెంటనే వచ్చే పసుపు రంగే లెక్క. ఐదు నిమిషాలాగి చూస్తే రంగు ముదురుతుంది, అది చూసి సరిపోయిందనుకుంటే మోసపోతాం.

ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్టు వాడడం నేర్పించాలన్న ఏర్పాటు జల జీవన్ మిషన్‌లో ఉంది. ఇది బాగా పనిచేసే భాగం. వీళ్లు నెలనెలా చూడాల్సినవి క్లోరిన్, ఫ్లోరైడు, హెచ్‌టూఎస్ సీసా. ఆ సీసాలో నీళ్లు నింపి వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులు పెడితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. నల్లబడిందని ల్యాబుకు పంపే ముందు పైన చెప్పిన కాలువ దాటే గొట్టాలు చూడడం అలవాటు చేయాలి.

ఫ్లోరైడు ఇక్కడ ప్రత్యేకం. వేసవిలో పథకం నీళ్లు తగ్గితే పంచాయతీ పాత బోరు నీళ్లు కలుపుతుంది. లీటరుకు 1 మి.గ్రా. దాకా మంచిది, ఇంకో దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు. పథకం నీళ్లలో 0.5, బోరులో 2.4 ఉన్నాయనుకుందాం. రెండు వంతులు పథకం, ఒక వంతు బోరు కలిపితే 1.13 వస్తుంది, సగం సగం కలిపితే 1.45. అంటే సగం దాటితే హద్దు దాటినట్టే. ఈ లెక్క ట్యాంకు గోడ మీదే పెయింటుతో రాయించాలి: బోరు మోటారు రోజుకు ఇన్ని గంటలకు మించి నడపకూడదని. ఇంకో పొరపాటు దీనికన్నా పెద్దది. బోరు లైను ట్యాంకులోకి పోకుండా నేరుగా వీధి లైనుకు కలిపి ఉంటుంది. అప్పుడు నీళ్లు కలవవు, బోరు దగ్గరి వీధివాళ్లు అచ్చంగా 2.4 తాగుతారు. బోరు నీళ్లు తప్పనిసరిగా ట్యాంకు పై నుంచే పడాలి. కిట్టులో రంగు గులాబీ నుంచి పసుపు వైపు తిరిగిందంటే ఫ్లోరైడు పెరిగినట్టు. ఆ రీడింగు వచ్చిన రోజే జిల్లా ల్యాబుకు నమూనా పంపాలి.

డబ్బు లెక్క జనం ముందు విప్పి చెప్పడం మంచిది. వెయ్యి ఘనపు మీటర్ల నీళ్లు 60 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, పంపు, మోటారు సామర్థ్యం కలిపి 60 శాతం అయితే, సుమారు 270 యూనిట్ల కరెంటు. వెయ్యి లీటర్లకు పావు యూనిట్ పైచిలుకు. యూనిట్ 7 రూపాయలనుకుంటే నలుగురున్న ఇంటికి నెలకు కరెంటు ఒక్కటే పన్నెండు రూపాయల పైన. దాని మీద ఆపరేటర్ల జీతాలు, పటిక, క్లోరిన్, రిపేర్లు, ఊళ్లో వాటర్‌మన్ జీతం. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా గ్రామాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ చెరిసగం కట్టుబడ్డ సొమ్ము. అలాంటి గ్రాంటుతో పంచాయతీ వాటా గడిచిపోతుంది, కానీ ఆ సొమ్ము విడతలుగా, ఆలస్యంగా వస్తుంది. ఆపరేటర్ల జీతం నాలుగు నెలలు ఆగితే పథకం ఆగుతుంది, ఇది జిల్లాలో అందరూ చూసిందే. వాటర్‌మన్ జీతం, బ్లీచింగ్ పౌడరు ఈ రెండింటికీ సరిపడే కొళాయి పన్ను ఊళ్లోనే వసూలు కావాలి. మిగతావాటికి గ్రాంటు కోసం ఆగినా ప్రాణం మీదికి రాదు.

నీళ్లు వచ్చాక మురుగు. ఇచ్చిన 55 లీటర్లలో 44 దాకా వాడిన నీళ్లుగా బయటికొస్తాయి. ఇంటికి 176 లీటర్లు. కొళాయి పథకంతో పాటే దీనికి దారి చూడకపోతే ఆరు నెలల్లో వీధులు బురదవుతాయి, మళ్లీ ఆ బురదలోనే గొట్టాలు. ఎర్ర నేలల్లో ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న ఇంకుడు గుంత, పెద్ద రాళ్లు కింద, చిన్నవి పైన, ముందు చెత్త, జిడ్డు ఆపే చిన్న ఛాంబరు పెడితే ఇంటి నీళ్లు తాగుతుంది. నల్లరేగడిలో అదే గుంత నాలుగో వంతు కూడా తాగదు. అక్కడ ఉమ్మడి కాలువ, ఊరి చివర నిల్వ గుంట తప్పదు. ఛాంబరు లేకుండా గుంత తవ్వితే అన్నం మెతుకులు, సబ్బు జిడ్డు రాళ్ల మధ్య పట్టుకుని మొదటి వానాకాలానికే నిండిపోతుంది. మరుగుదొడ్డి జంట గుంతలకూ ఇలాంటి లోపమే: రెండు గుంతలూ ఒకదానికొకటి గొట్టంతో కలిపేస్తారు, లేదా అడుగు సిమెంటు చేసేస్తారు. ఒకసారికి ఒక గుంతే వాడాలి, నిండాక మళ్లింపు ఛాంబరులో దారి మార్చి, మొదటిది రెండేళ్లు మాగనిచ్చి తీయాలి. అడుగు మట్టిగానే, గోడలు జాలీగానే ఉండాలి. బోరుకు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. మా వైపు రాతి పగుళ్ల నేలల్లో ఇంకా ఎక్కువ ఉంటే మంచిది.

మిగిలింది వేసవి. మా పథకాల్లో చాలా వాటికి ఆధారం తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు, పెన్నహోబిలం రిజర్వాయరు, వాటితో నింపుకునే ఎస్ఎస్ ట్యాంకులు (వేసవి నిల్వ చెరువులు). కాలువ ఆగాక ఎస్ఎస్ ట్యాంకే గతి. ఐదెకరాల నీటి వెడల్పున్న ట్యాంకులో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే లక్షా అరవై వేల లీటర్లు పోయినట్టు, అది దాదాపు 2,900 మంది తాగే నీళ్లు. అడుగు మీటరు బురద నీళ్లు, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. అవి లాగితే ఇసుక గుండా నీళ్లను మెల్లగా వడగట్టే స్లో శాండ్ ఫిల్టరు పై పొర రెండు రోజుల్లో బిగుసుకుపోతుంది. పై రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక గీసి తీశాక ఆ బెడ్డును కొన్ని రోజులు నడిపి, ఆ నీళ్లు బయటికి వదిలి, తర్వాతే సరఫరాకు కలపాలి. వేసవి తొందరలో గీసిన రోజే కలిపేయడం చూశాను. ఆ వారం హెచ్‌టూఎస్ సీసాలు వరుసగా నల్లబడ్డాయి.

కాలువ ఆగే తేదీ తెలిసిన వారంలోనే అన్ని ఊళ్ల కమిటీలనూ ఒకచోట కూర్చోబెట్టి, మిగిలిన నీళ్లలో ఆవిరి, అడుగు నీళ్లు తీసేసి, వచ్చేదాన్ని రోజులతో భాగించాలి. వాటా 55 నుంచి 40కి తగ్గాలంటే అన్ని ఊళ్లకూ ఒకే నిష్పత్తిలో తగ్గాలి. బిళ్ల రంధ్రాలు మార్చనక్కర్లేదు, సరఫరా 12 గంటల నుంచి 9 గంటలకు దించితే చాలు. అయితే పైపులు ఖాళీ అయి మళ్లీ నిండే సమయంలో చివరి ఊరు గంట దాకా నష్టపోతుంది. అందుకని ఆ బ్రాంచిలో చివరి ఊరికి ఒక గంట అదనంగా ఇవ్వాలని, ఆ గంటలో పై ఊళ్ల ఇన్‌లెట్ వాల్వులు మూసి తాళం వేయాలని అదే సమావేశంలో తీర్మానం రాయించి, అన్ని ఊళ్ల సంతకాలు తీసుకోవాలి.